అన్న ఊపిరికి సరిపడా

ఖాళీ కాటా పళ్ళాన్ని వేలితో ఒకసారి నొక్కి వదిలేవాడు. ముల్లు ఊగి ఊగి సున్నా దగ్గర నిలిచేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు చూసి సీలు వెయ్యడం ఆయన ఉద్యోగం.

"నీ ముల్లు ఆగేలోపు నా బేరం ఆగిపోతోంది నాయనా!" అని కూరగాయలామె దెప్పేది. ఆయన నవ్వేవాడూ కాదు, కోప్పడేవాడూ కాదు.

సాయంత్రాలు డాన్సు బ్యాండుకి పాటలు రాసేవాడు. పాడేది సొంత అన్న.

అన్నకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ సంగతి బ్యాండుకి తెలిస్తే మైకు పోతుంది. మైకు తప్ప అన్నకి వేరే బతుకు లేదు. అందుకని తమ్ముడు పాట పాటకీ పాదాలు కురచ చేస్తూ వచ్చాడు. చివరికి పాదానికి రెండు మాటలు మిగిలాయి. తక్కినదంతా బాకాకి వదిలేశాడు. జనానికి అదే నచ్చింది. మాటలు లేనిచోట చప్పట్లు కొట్టి ఎగిరేవారు.

ఒక శనివారం రిహార్సల్లో ఆ రెండు మాటల మధ్యనే అన్న ఆగిపోయాడు. బ్యాండు నడిపే డ్రమ్ము మాస్టారు కర్రలు దించి, తమ్ముణ్ణి పక్కకి పిలిచాడు.

"మీ అన్నకి నువ్వే చెప్పవయ్యా, నావల్ల కాదు. ఇకనించి మా మేనకోడలు పాడుతుంది."

తమ్ముడు వెళ్ళి హాలు బయట మెట్లమీద అన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఇక చాలు."

అన్న ఊపిరి కూడదీసుకున్నాడు.

"మాస్టారు చెప్పమన్నాడా?"

"ఊఁ."

"ఏడాదేడాదికీ నీ పాటలు పొట్టిపడుతుంటే నాకు తెలీదనుకున్నావట్రా? ఇంకొన్నాళ్ళు పోతే తుమ్మొక్కటే రాసిచ్చేవాడివి."

తమ్ముడికి నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. అన్న వీపుమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తనది కాదు, ఇంకెవరిదో అన్నట్టుంది.

"ఆ పిల్లకి మాత్రం ఇలా ముక్కలు పెట్టకు. పొడుగ్గా రాయి."

"రాస్తాలే."

ఇంటికొచ్చి భోంచేశాడు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయానని భార్య నాలిక కరుచుకుంటే, తిన్నది చప్పటి కూరని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఉదయం మాస్టారి మేనకోడలి తలుపు తట్టాడు. ఆమె తల దువ్వుకుంటూ వచ్చింది.

"ఒక్క ఊపిరికి ఎంతసేపు పాడగలవో పాడమ్మా" అన్నాడు.

గుమ్మంలో నిలబడే విన్నాడు.