సన్యాసుల బీరు, ప్రభువు బల్ల

ఆ బీరు నాకు నచ్చింది. ముందు ఆ మాట చెప్పాకే మిగతాది చెప్పాలి.

మా ఆఫీసులోని కేరళ మిత్రుడు ఉద్యోగం మారుతూ బర్ దుబాయ్ హోటల్లో పార్టీ ఇచ్చాడు. ఆయన క్యాథలిక్. నేను ఎప్పటిలాగే లైమ్ సోడా చెప్పబోతే ఆపాడు.

"మాస్టర్, ఇది బెల్జియంలో సన్యాసులు మఠంలో తయారుచేసింది. ప్రార్థన గంట మోగితే పని అక్కడే ఆపేసి వెళ్తారు. నువ్వు తాగకపోతే ఇంకెవరు తాగాలి?"

మా ఊరి వైపు విశ్వాసి అంటేనే తాగనివాడని అర్థం. అలా పెరిగిన నేను, సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెప్పే నేను, ఆ గ్లాసు అందుకున్నాను. ముందు మాడిన రొట్టె అంచు రుచి, తర్వాత ఖర్జూరం తీపి, చివర్లో లవంగం లాంటి ఘాటు. మౌనంగా బతికే మనుషుల ఓపిక అందులో ఉందనిపించింది. గ్లాసు ఖాళీ చేసి కీర్తన పాడుకుంటూ బయల్దేరాను. మెట్రో స్టేషన్ దగ్గర ఎందుకో పాట మధ్యలోనే ఆపేశాను. కడుపు బాగుకోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని బైబిల్లో అపొస్తలుడు శిష్యుడికి చెప్పిన మాట తలుచుకున్నాను. తోటి విశ్వాసికి అడ్డంకిగా ఉండవద్దన్న మాట కూడా వెంటనే గుర్తొచ్చింది. రెండూ ఒకే కలం రాసినవి.

మర్నాడు ఆదివారం, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల. బల్లకు రసం మా పాస్టరు అయ్యగారి భార్య తయారుచేస్తారు. ఎండుద్రాక్ష మరిగించి, పిసికి, వడకట్టి తెస్తారు. చిన్న కప్పుల్లో పోయడం నా పని. హాలు పక్క గదిలో సీసా మూత తిప్పగానే బుస్సుమంది. వాసన చూశాను. నిన్నటి గ్లాసు మీద తేలిన వాసనే.

"అమ్మగారూ, దీన్ని మరిగించారా?"

"గ్యాస్ అయిపోయింది బాబూ. గురువారమే నానబెట్టి పిండేశాను. ఏం, తీపి చాల్లేదా?"

హాల్లో మొదటి వరసలో మా సంఘంలోని జగిత్యాల తమ్ముడు కూర్చుని ఉన్నాడు. సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటాడు, పైపులు బిగించే పని. తాగుడు వల్ల కంపెనీ ఇంటికి పంపించబోతే, సంఘమంతా ఉపవాసం ఉండి అతని కోసం ప్రార్థించింది. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. ఇంకాసేపట్లో నా చేత్తోనే అతనికి ఈ కప్పు ఇవ్వాలి.

అయ్యగారిని లోపలికి పిలిచాను. "ఇది పులిసిందండీ. ఇవ్వకూడదు."

ఆయన వాసన చూశారు. "ద్రాక్ష వాసనేగా. మన తర్వాత ఇదే హాల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళ ఆరాధన ఉంది, టైం లేదు. అయినా నీకెలా తెలుసు?"

"నిన్న బీరు తాగాను. సన్యాసులు చేసింది."

అమ్మగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. "హవ్వ! సన్యాసులు కూడా మొదలెట్టారా?"

అయ్యగారు మాత్రం నవ్వలేదు. రసం సింకులో పోయించి, కింద బఖాలా కొట్టు నుంచి ద్రాక్ష జ్యూసు డబ్బాలు తెప్పించారు. "నువ్వు ఇవాళ వెనక కూర్చో" అన్నారు నాతో. తలుపు తెరిచే ఉంది. ముందు వరస దాకా అన్నీ వినబడ్డాయని బయటికొచ్చాకే తెలిసింది.

రొట్టె లేకుండా, కప్పు లేకుండా వెనక వరసలో కూర్చున్నాను. ఆరాధన అయ్యాక తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, గా బీరు ఎట్లుండె? నిజం చెప్పు."

"ఎందుకు?"

"అయ్యగార్లసొంటోళ్లు చేసిన్రంటివి గద. ప్రార్థన చేసి చేసిందైతే పాపం గాదేమో అని."

అతన్ని కాపాడుదామని విప్పిన నోరే అతనికి ఆ దాహం గుర్తు చేసింది. బాగోలేదని అబద్ధం చెప్పొచ్చు. కానీ దేవుని మందిరంలో కూర్చుని ఉన్నాను.

"చాలా బాగుంది తమ్ముడూ. నాకు పాపమని కూడా అనిపించలేదు. కానీ నువ్వు ఒక్కదానితో ఆగలేవు."

అతను తలూపాడు. "గది నాకు ఎరికే. గయితే ఒక్కటి చెయ్యన్నా. మల్లెప్పుడన్న తాగితే నాకు చెప్పకు. ఎప్పటిలెక్కనే నా మొఖం జూసి నవ్వు, గంతే."

క్యాంపు బస్సు హారన్ కొడితే "యల్లా" అంటూ లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆరాధనల్లో అతను నన్ను చూసి నవ్వితే నేనూ నవ్వుతాను. కానీ ముందు, మళ్ళీ తాగానేమోనని అతను నా ముఖంలో ఒక్క క్షణం వెతుకుతాడు. ఆ క్షణం కోసమే ఆ హోటల్లో సీసాలున్న అల్మారా వైపు మళ్ళీ వెళ్ళలేకపోతున్నాను. ఆ రుచి మాత్రం ఇంకా కావాలనే ఉంది.