అత్తమ్మ భుజం, ఉట్టి మీద లడ్డూలు

మా అత్తమ్మ కుడి భుజం పట్టేసిన ఏడాది మా ఇంట్లో పోలీసునూ నేనే, జడ్జీనీ నేనే. పందొమ్మిది వందల యాభైల మధ్యలో మాట. యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో ఉండేవాళ్ళం. మా ఆయన దఫ్తరుకు పోతే పొద్దుగూకే దాకా ఇంట్లో అత్తాకోడళ్ళం ఇద్దరమే.

అత్తమ్మకు అప్పటికే చక్కెర జబ్బు ఉంది. ఆ జబ్బున్నవాళ్ళకు భుజాలు తొందరగా బిగుసుకుపోతాయని డాక్టర్ సాబ్ చెప్తే గాని మాకు తెలియలేదు. ఆమె చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. దేవుడి గూట్లో దీపం నేనే పెట్టేదాన్ని, కొప్పూ నేనే వేసేదాన్ని. తన పని ఇంకొకరు చేస్తే ఓర్చుకునే మనిషి కాదామె. నేను దువ్వెన పట్టడమే ఆలస్యం, మొదలుపెట్టేది.

"మెల్లగ గుంజవే పిల్లా! అది నెత్తి అనుకున్నవా, ఈత చీపురనుకున్నవా?"

పొద్దున్నే ఉడకబెట్టిన సిరంజితో ఇన్సులిన్ సూది వేయడం కూడా నా పనే. దానికి ముందు మూత్రం పరీక్ష. దవాఖానలో ఇచ్చిన నీలం మందును గాజు గొట్టంలో పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు, ఆకుపచ్చ అయితే కొంచెం ఉన్నట్టు. పసుపు దాటి ఇటుకరంగు వచ్చిందా, కొంప మునిగినట్టే. ఏడో తరగతి పాసైన కోడలినని ఆ పెత్తనం నాకిచ్చారు. నా నడకే మారిపోయింది.

జబ్బు సంగతి తెలిసిన రోజే అత్తమ్మ తీపి ముట్టనని అమ్మవారి ముందు ఒట్టు పెట్టుకుంది. నువ్వుల లడ్డూ అంటే ప్రాణం పెట్టే మనిషి! అయినా మాట తప్పలేదు, గొట్టం రోజూ ఆకుపచ్చ దాటేది కాదు. ఆ రోజుల్లోనే మా పుట్టింటి నుంచి ఒక డబ్బా నువ్వుల లడ్డూలొచ్చాయి. పిల్లి బాధ పడలేకపోతున్నానని చెప్పి, రెండు చేతులూ ఎత్తితే గాని దిగని ఆ డబ్బాను ఉట్టి మీద పెట్టాను. ఆ పిల్లి ఎవరో అత్తమ్మకు తెలియదా?

"చెయ్యి చెవి దాకనే లేస్తలేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! నాకోసం గంత పైన ఎందుకే?" అని నవ్వింది.

భుజానికి డాక్టర్ సాబ్ ఒక కొత్త మందు సూది వేశాడు. ఇప్పుడు స్టెరాయిడ్ అంటున్నారే, అదే. అబ్బో, ఆ సూది పొడుగు! నేను రోజూ వేసేది దాని ముందు దోమకాటు. నేను దానివైపే గుడ్లప్పగించి చూస్తున్నాను. ఆయన ఉర్దూలో ఏవేవో జాగ్రత్తలు చెప్తున్నాడు, నేను "జీ, జీ" అంటున్నాను. చెవికెక్కినవి రెండే. పరీక్ష రోజుకు రెండుసార్లు చేయాలి. రెండు రోజులు చేతికి విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాత వేళ్ళను గోడ మీద పైకి పాకించాలి.

మూడో రోజు నుంచి అత్తమ్మ వేళ్ళు గోడెక్కాయి. ఎక్కడిదాకా పోతే అక్కడ నేను బొగ్గుతో గీత పెట్టేదాన్ని. మొదటి గీత గడ్డం దగ్గర, రెండోది నుదురు దగ్గర, మూడోది తలపైన. ఆమె సంబరం చూడాలి! "ఇగ నీ చేతుల నుంచి నా నెత్తి బచాయించుకుంట" అంది.

గోడ మీద గీత పైకి పోతుంటే ఇక్కడ గొట్టంలో రంగూ ముదురుతోంది. ముందు పసుపు, ఆ తర్వాత అచ్చమైన ఇటుకరంగు. నా బుర్ర గిర్రున తిరిగింది. చెయ్యి లేచింది, అంటే ఉట్టి అందింది! డబ్బా దించి లెక్కపెట్టాను. పద్దెనిమిదికి పద్దెనిమిదీ ఉన్నాయి. ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవాళ్ళు. నాకు మాత్రం మిఠాయి బండివాడు గుర్తొచ్చాడు. వాడు గల్లీలోకి వచ్చేది సరిగ్గా నేను కునుకు తీసే వేళకే కదా!

"అత్తమ్మా, నిజం చెప్పుండ్రి. ఏం తిన్నరు?"

ఆమె భుజం రుద్దుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది నాకు. పట్టేసిన భుజాన్ని రుద్దుకోక ఏం చేస్తుంది? ఆ మాత్రం బుద్ధి అప్పుడు లేకపోయింది.

"నేనేం తినలేదు బిడ్డా. ఒట్టేసుకున్న గదా."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన్రా? గొట్టం అబద్ధం చెప్తదా?"

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. "గొట్టం చెప్పదు. నేను చెప్తనా?" అంది.

ఆ తర్వాత రెండు రోజులు నేను ఆమె కంచంలో అన్నం సగానికి తగ్గించాను. పెట్టినంత తిని లేచింది. గోడ దగ్గరికి పోవడం మానేసింది. జుట్టు ఎంత గుంజి దువ్వినా ఒక్క తిట్టు లేదు. అమ్మ ఎందుకట్లుందని మా ఆయన అడిగితే, "దొంగతనం బయటపడ్డది గదా, మరి!" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రంగులన్నీ కాగితం మీద రాసుకుని, అత్తమ్మను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను. "డాక్టర్ సాబ్, ఈమె ఏం తింటున్నదో మీరే అడుగుండ్రి" అని ఫిర్యాదు చేశాను.

ఆయన కాగితం చూసి తల పట్టుకుని, ఈసారి తెలుగులో అందుకున్నాడు. "అరే అమ్మా, ఆ రోజే చెప్పిన గదా! ఆ సూదిమందుకే చక్కెర పెరుగుతది. కొన్ని దినాలుంటది, మళ్ళ దిగుతది. ఎర్రగ వస్తే ఫౌరన్, ఎంబడే రమ్మంటే మీరు జీ, జీ అన్నరు."

"మరి... నేను అన్నం తగ్గించిన" అన్నాను.

"తగ్గించుమని ఎవరన్నరు? ఇన్సులిన్ తీసుకునే మనిషి కడుపు మాడిస్తే కళ్ళు తిరిగి పడతది!" అని గట్టిగా కోప్పడ్డాడు. చక్కెర దిగే దాకా ఇన్సులిన్ మోతాదు మార్చి రాసిచ్చాడు. అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పయింది అత్తమ్మా" అన్నాను.

ఇంటికి రాగానే నేరుగా ఉట్టి కిందికి పోయి నిలబడింది. ఎడమ చేత్తో పాటు కుడి చెయ్యీ ఎత్తింది. సగంలో నొప్పికి మొహం ముడుచుకుంది. నేను ముందుకు పోబోతే "ఉండు" అంది. మెల్లగా, ఇంకా మెల్లగా ఎత్తి డబ్బా దించింది. మూత తీసి ఒక లడ్డూ నా నోట్లో పెట్టింది.

"తిను. నాకు కావలి గాసుకుంట నువ్వు గూడ ఒక్కటి తినకపోతివి."

ఆమె వేళ్ళకు నాలుగు నువ్వులు అంటుకున్నాయి. చెంబు దగ్గరికి పోయి, ఆ వేళ్ళు నా ముందు చాపి కడుక్కుంది. "ఇగో, కడుక్కున్న. మంచిగ చూసుకో" అంది. నోట్లో లడ్డూ ఉండగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

మర్నాడు పొద్దున గొట్టం మళ్ళీ ఇటుకరంగుకు తిరిగింది. "మందు ఇంకా దిగలేదత్తమ్మా" అన్నాను. సూది వేసి, వేళకు కంచంలో సరిపడా అన్నం పెట్టాను. తిన్నాక వచ్చి నా ముందు కూర్చుని, జుట్టు విప్పుకుంది. నేను దువ్వెన పెట్టానో లేదో,

"మెల్లగ గుంజవే పిల్లా!" అంది.