చిన్న విమానంలో మిగిలిన సీటు

చోడవరం పంచదార ఫ్యాక్టరీలో నాది కాటా గుమాస్తా పని. చెరకు నిండిన బండిని ఒకసారి, దింపేశాక ఉత్త బండిని ఒకసారి తూచి, రెండోది మొదటిదాంట్లోంచి తీసేయాలి. ఏళ్ళ తరబడి అదే చేశాను. డెబ్బైల మొదట్లో విశాఖపట్నం ఏరోడ్రోములో ఒక చిన్న విమాన కంపెనీకి, ఎక్కేవాళ్ళ బరువు తూచి రాసేవాడు కావాలంటే, కాటా తెలిసినవాడినని నన్ను తీసుకున్నారు. మనుషుల్ని తూచడం ఏపాటి పని అని నవ్వుకున్నాను.

మా కంపెనీకి ఉన్నది ఒక్క పాత విమానం. పదింటికి హైదరాబాదు వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేది. అక్కడ ఢిల్లీకో బొంబాయికో పోయే పెద్ద కంపెనీ విమానానికి ప్రయాణికుల్ని అందించడమే దాని పని. టికెట్టు పెద్ద కంపెనీది, సీట్లు కూడా ముందు వాళ్ళవే. బయలుదేరే వేళకు ఏదైనా మిగిలితే మా ఇళ్ళవాళ్ళకు ఉచితంగా ఇచ్చేవారు.

నేను ఏరోడ్రోము దగ్గర అద్దె గదిలో, నా భార్య చోడవరంలో. పిల్లలు లేరు. ఒక్కసారి విమానమెక్కి పైనుంచి భూమిని చూడాలని ఆమెకు కోరిక. పెళ్ళయ్యాక నన్ను అడిగింది అదొక్కటే. మూడుసార్లు తొలి బస్సులో వచ్చి, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. మూడుసార్లూ ఆఖరి నిమిషంలో పెద్ద కంపెనీ ప్రయాణికుడెవడో ఊడిపడ్డాడు. నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం, "వడ్డించేవోడు మనోడైతే కడబంతిని కూసున్నా ఒకటేనండి," అని నవ్వి తిరుగు బస్సెక్కేది.

నాలుగోసారి సీటు మిగిలింది. ఆమెను నేనే తూచి పంపించాను. కిటికీ పక్కన కూర్చుని, అద్దంలోంచి నాకు చెయ్యి ఊపింది.

విమానం ఇంకా కదలకముందే పెద్ద కంపెనీ అధికారి ఒకాయన తనిఖీకి వచ్చాడు. వాళ్ళ ప్రయాణికులు మా విమానంలో వెళ్తారు కాబట్టి అప్పుడప్పుడు వచ్చి చూసేవారు. నా కాగితం చూసి ముఖం చిట్లించాడు. చేతిసంచీతో సహా మనిషిని తూచి ఆ బరువంతా రాయాలి. నేను సంచీని విడిగా తూచి అందులోంచి తీసేస్తూ వచ్చాను, ఉత్త బండిని తీసేసినట్టు! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది ఫ్యాక్టరీలో వచ్చిన బుద్ధి, అదీ పోలేదు. మళ్ళీ కూడితే బరువు మించింది. ఒకరు దిగాలి. టికెట్టు లేని మనిషి ఒక్కరే ఉన్నారు.

మెట్లెక్కి నేనే పిలిచాను.

"దిగవే. బరువెక్కువైందంట."

"నానొక్కదాన్నే బరువైపోనానేటండి?" అంది. లేచి నిలబడి, మెల్లగా, "ఎవులి తప్పండి?" అని అడిగింది.

అందరూ మా వైపే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. "పెద్ద కంపెనీవోళ్ళది," అన్నాను.

విమానం వెళ్ళిపోయాక ఇద్దరం బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. మళ్ళీసారి ఎక్కించి, దిగి వచ్చాక నిజం చెబుదాంలే అనుకున్నాను. ఆ వానాకాలంలోనే ఆమె జ్వరంతో పోయింది.

కొన్నాళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. చోడవరం వచ్చి మళ్ళీ ఫ్యాక్టరీ కాటా దగ్గరే కూర్చున్నాను. సాయంత్రమైతే ఇంటికి వెళ్ళాలంటే భయం వేసేది. తాళం తీసి, దీపం వేసుకుని, ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా అన్నం వండుకునేవాణ్ణి.

ఒకరోజు పక్కింటి ముసలమ్మ గోడ అవతల నుంచి పలకరించింది. "ఆ ఇమానం సంగతి మీ ఆవిడ ఎన్నిసార్లు సెప్పిందో బాబూ. ఎవులైనా ఎగతాళి సేస్తే ఊరుకునేది కాదు. 'మా ఆయన కాటాలో తప్పుండదు, ఆ పెద్దోళ్ళే నన్ను దింపేసేరు' అనేది."

ఆ ముసలమ్మకైనా నేను నిజం చెప్పలేదు.