రెడ్డిగారి కారూ, దాదాపీర్ ప్రశ్నలూ

దాదాపీర్ ప్రశ్నలు వేయకుండా ఒక్క మర కూడా విప్పడు. కోయిలకుంట్లలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. బస్సు ఆగిపోతే తక్కిన మేస్త్రీలు బానెట్టు ఎత్తుతారు. ఇతను ముందు డ్రైవరును కూర్చోబెట్టుకుంటాడు. "నిలబడకముందు ఏమన్నా దగ్గిందా? ఎక్కిళ్ళు వచ్చినాయా? పొద్దున నువ్వేమన్నా తిట్టినావా? ఎందుకు తిట్టినావు? ఇంట్లో అందరూ బాగుండారా?" ఇట్లా సాగుతుంది. డ్రైవరు ఇంటి సంగతులన్నీ చెప్పుకుని బీడీ ముట్టించేసరికి బస్సు బాగయ్యేది. ఎప్పుడు బాగుచేశాడో ఎవరికీ తెలిసేది కాదు.

నేను ఆ రోజుల్లో బస్సు ఏజెంటును. టికెట్లు రాసే నా బల్ల పక్కనే అతని షెడ్డు. ఒకసారి పన్ను నొప్పితో దవడ పట్టుకుని కూర్చుంటే వచ్చి పక్కన చేరాడు. ఏ పన్ను, ఎప్పటినుంచి, చిన్నప్పుడు బెల్లం తిన్నావా, ఎవరు పెట్టేవాళ్ళు? అన్నిటికీ జవాబు చెప్పి, మా అవ్వ నాకు బెల్లం దాచిపెట్టిన వైనం కూడా చెప్పి తలెత్తేసరికి, బనగానపల్లె బస్సు ఒక్క టికెట్టూ తెగకుండానే వెళ్ళిపోయింది.

అతని నిఖా నాడు కూడా ఇదే తంతట. "నీకు సమ్మతమేనా?" అని ఖాజీ అడిగితే, "ఆ పిల్లను అడిగినారా? ఏమనింది? నవ్వుతా అనిందా, ఊరికే అనిందా?" అని ఎదురడిగాడట. ఖాజీ మళ్ళీ లోపలికి వెళ్ళి కనుక్కుని రావలసి వచ్చింది. "నవ్వుతానే సరేనన్నా" అని అతని భార్య చాంద్ బేగం ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

యుద్ధం ముగిసిన మరుసటేడు ఎండాకాలంలో, కుందూ అవతలి పల్లె నుంచి ఓబులమ్మ బండి కట్టించుకుని షెడ్డుకు వచ్చింది. ఆ ఊరి భూస్వామి మద్దిలేటిరెడ్డికి ఈమె అక్క. చిన్నప్పుడే భర్త పోయి తమ్ముడి ఇంట్లోనే ఉంటూ, ఇల్లూ సేద్యమూ చూసుకునేది.

"ఏమప్పా దాదాపీరూ, మా తమ్ముని కారు బాగుచేయల్ల. వచ్చే వారం కర్నూలు నుంచి బేరగాడు వస్తాండాడు. నడిస్తే కారని కొంటాడంట, నడవకపోతే ఇనుమని కొంటాడంట."

"అమ్మేదెందుకమ్మా?"

"యుద్ధంలో పెట్రోలు దొరక్క కొట్టంలో పెట్టినాము. ఆ తర్వాత మా మరదలు రామసుబ్బమ్మ పోయింది. అప్పట్నుంచి మావోడు ఆ కారు మొగం చూళ్ళేదు. నా మొగమూ చూళ్ళేదు. ఇంత తింటాడు, పంచలో గోడకు మొగం పెట్టి కూర్చుంటాడు. ఒక మాటా పలుకూ లేదు. ఆ కారు కండ్ల ముందర లేకపోతేనన్నా మనిషైతాడేమోనని."

"ముందు బాగా మాట్లాడేటోడా?"

"అయ్యో! వాని నోరు మూయించేదానికి మా మరదలు నోట్లో లడ్డు కుక్కేది."

దాదాపీర్ కళ్ళు మెరిశాయి. కొత్త రకం ఇంజను పేరు విన్నప్పుడు అతని కళ్ళు అట్లాగే మెరిసేవి.

పెట్రోలు కూపన్ల వ్యవహారం నా చేతిలో ఉండేది కాబట్టి నన్నూ వెంట తీసుకుపోయాడు. కొట్టంలో జొన్నచొప్ప తప్పిస్తే కారు బయటపడింది. వెనకసీట్లో ఒక కోడి పొదుగుతోంది. ముందుసీటు పీచును ఎలుకలు పంచుకున్నాయి. టైర్లు వేసవిలో నల్లరేగడి పగిలినట్టు పగిలాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురై అడుగున అంటుకుపోయింది. కారు ముందర కడ్డీ పెట్టి తిప్పబోతే ఇంజను ఇసుమంత కూడా కదలలేదు.

దాదాపీర్ ప్లగ్గులు తీసి, ఆ బొక్కల్లో కిరసనాయిలూ ఆముదమూ కలిపి పోశాడు.

"పిల్లోళ్ళకు తాపినట్ల ఆముదమేందప్పా?" అంది ఓబులమ్మ.

"ఏండ్ల తరబడి కదలనోళ్ళకు ఆముదమే కదమ్మా మందు?"

కొట్టంలోంచి చూస్తే ఎదురుగా పంచ, పంచలో గోడవైపు తిరిగిన రెడ్డిగారి వీపు కనబడేవి. దాదాపీర్ ఆ వీపును ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు.

"రెడ్డీ, ఈ కారు చలికాలంలో తొందరగా లేచేదా, మొండికేసేదా?"

వీపు పలకలేదు.

"చెప్పడప్పా, ఎందుకు ఆయాసం?" అంది ఓబులమ్మ.

"చెప్పమన్లేదమ్మా, అడుగుతాండా, అంతే."

మర్నాడూ అదే వరస. హారను కంచుదా, ఇత్తడిదా? దీపాల వెలుతురులో కుందేళ్ళు కనబడేవా? చివరికి దాదాపీర్ నావైపు తిరిగి, గొంతు కొంచెం పెంచాడు.

"ఏజెంటన్నా, ఈ కారు రెడ్డే తోలింటాడంటావా? యాడిది! ఎడ్లు తోలే చేతులవి. ఎవరో డ్రైవరు తోలింటే, పక్కన కూర్చోని మీసం దువ్వుకోనింటాడు."

"ఎవడ్రా చెప్పింది?"

తుప్పుపట్టిన గడియ తీసినట్టుంది ఆ గొంతు. ఓబులమ్మ చేతిలోని చేట జారి కొర్రలన్నీ వాకిట్లో పడ్డాయి.

"నేనే తోలినా! అహోబిలం దాకా నేనే తోలినా!"

దాదాపీర్ ప్లగ్గు తుడుస్తూనే, "అట్లనా? మరి రామసుబ్బమ్మ యాడ కూర్చునేది? ముందరా, వెనకా?" అన్నాడు.

ఆమె పోయినప్పటినుంచి ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఓబులమ్మ వద్దు వద్దని చేతులు ఊపుతోంది. రెడ్డిగారు కారువైపు తిరిగారు.

"ముందరే," అన్నారు. "ఒళ్ళో రాయి పెట్టుకోని."

"రాయెందుకు రెడ్డీ?"

"బ్రేకు మీద నమ్మకం లేదామెకు. మిట్టెక్కేటప్పుడు కారు ఎనక్కి జారితే, దూకి చక్రం కింద పెట్టాలని."

"ఎప్పుడన్నా దూకిందా?"

"దూకింది. కారు జారకముందే దూకింది!" ఆయన మూతి నవ్వుకు సాగుతోంది. "నేను చూసుకోలేదు, తోలుకోని పోతాండా. ఆమె రాయి ఎత్తుకోని, నిలుపు నిలుపని ఎనక ఉరికొస్తాండాది!"

ఓబులమ్మ ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక పక్కున నవ్వింది. రెడ్డిగారూ నవ్వారు. నవ్వుతూ పైపంచతో కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత ఆయన రోజుకు కొంత జరుగుతూ వచ్చారు. మొదట పంచ అంచుకు, తర్వాత కొట్టం వాకిలికి, ఆ తర్వాత కారు పక్కకు. దాదాపీర్ అడుగుతూనే ఉన్నాడు, ఆయన చెబుతూనే ఉన్నారు. ఒకనాడు ఆయన భోజనానికి లేచినప్పుడు నేను ఊరికే కడ్డీ తిప్పితే ఇంజను వెన్నలా తిరిగింది.

"దాదాపీరూ, ఇంజన్ వదిలింది!"

అతను జిడ్డు చేత్తో నా నోరు మూశాడు. "మొన్ననే వదిలిందన్నా. ఆయప్ప ఇంకా వదల్లేదు. రోంత తాళు."

ఆ సాయంత్రం బండిలో వస్తూ, రెడ్డిగారిని అన్ని ప్రశ్నలెందుకు అడిగావని నేను నిలదీశాను. ఎప్పుడూ అడిగేవాడు, ఆ రోజు చెప్పాడు.

"మా అన్న బర్మాకు పోయి తిరిగి రాలేదన్నా. మాయమ్మ జైనాబ్ బీ నోరు కట్టేసుకునింది. ఊరంతా వచ్చి ఓదార్చిపోయినారు గానీ ఒక్కరూ ఏమీ అడగలేదు, అడిగితే ఏడుస్తాదని. ఒకనాడు గాజులమ్మే ఆమె వచ్చి, సంగతి తెలీక, నీ పెద్దకొడుక్కు ఏం కూర ఇష్టమని అడిగింది. మాయమ్మ పొద్దు గూకేదాకా చెప్పింది. ఆ పొద్దే లేచి ఆ కూర వండింది."

"మరి మన డ్రైవర్లను అన్నేసి అడిగేదెందుకు?"

"ఊరూరూ తిరిగేటోళ్ళు. ఇంట్లో బాగుండారా అని వాళ్ళను అడిగేటోళ్ళెవరన్నా?"



బేరగాడు దావీదురాజు వచ్చిన రోజు దాదాపీర్ నన్ను వెంటబెట్టుకుని రెడ్డిగారి ఊరి మొగదల అతనికి ఎదురుపోయాడు. ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. విచారంగా తలూపి, "ఇంజన్ పోయిందయ్యా. టైర్లూ పోయినాయి. ఆ ఇనుము మోసుకుపోతే మీకే దండగ" అన్నాడు.

అంతలో వెనకనుంచి హారను మోగింది. నల్లకారు దుమ్ము లేపుకుంటూ వచ్చి మా పక్కన ఆగింది. పాత కార్ల నుంచి తెచ్చిన నాలుగు రకాల ట్యూబులూ, అతుకుల టైర్లూ దానికి. స్టీరింగు పట్టుకుని మద్దిలేటిరెడ్డి. వెనక ఓబులమ్మ, రెండు చేతులా తలుపు పట్టుకుని దేవుళ్ళందరినీ పిలుస్తోంది.

"ఎవరప్పా ఎండలో నిలబడినావు?" అన్నారు రెడ్డిగారు.

"కారు కొనేదానికి రమ్మన్నారండీ..."

"ఏ కారు?"

దావీదురాజు ఓబులమ్మ వైపు చూశాడు. ఆమె పత్తిచేలవైపు చూసి, "మాకేం తెలుసప్పా?" అంది.

"పాపం, దోవ తప్పినట్టుండావు. ఎక్కు, కోయిలకుంట్లలో దింపుతా. మాట్లాడుకుంటా పోదాము."

బేరగాడు ఎక్కాడు. కారు వెళ్ళిపోయింది. మమ్మల్ని ఎక్కించుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆ ఎండలో ఇద్దరం నడిచి ఊరు చేరేసరికి దావీదురాజు నా బల్ల ముందు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర రెడ్డిగారు పెట్టిపోయిన కొర్రబియ్యం మూట.

"ఆయనకు నోరే మూతపడదా స్వామీ?" అన్నాడు నీరసంగా. "ఇక్కడికి రావడానికి ఊళ్ళన్నీ తిప్పాడు. కుందూ ఒడ్డున ఆపి మరీ ఆ రాయి కథ చెప్పాడు!"

దాదాపీర్ అతనికి చెంబెడు నీళ్ళిచ్చి, అతని మూట భుజానికెత్తుకుని, టాపు మీద కట్టడానికి ఈల వేసుకుంటూ కర్నూలు బస్సు పైకెక్కాడు.