గీత మీద దిగిన బాణం

బాణం ఎక్కడ దిగిందో మీరు చూడకముందే దాన్ని పీకేసి లెక్క చెప్పేవాడి మాట నమ్ముతారా?

రాజమహేంద్రవరం నుంచి పడవలో ఎగువకు వెళ్తే, మన్యంలో దసరాకి జమీందారుగారు విలుకాళ్ల పందెం పెట్టేవారు. అడవిదారి మలుపుమలుపునా గడ్డికట్టకి తడిమట్టి మెత్తి, సున్నంతో వలయాలు గీసేవారు. బయటి వలయానికి ఒకటి, మధ్యదానికి రెండు, నడిబొట్టుకి మూడు. గీతను తాకితే లోపలి లెక్కే. లెక్క చెప్పే పెద్దమనిషి మాత్రం కోయల బాణాన్ని చటుక్కున పీకి, ఆ గంటు మీద బొటనవేలితో మట్టి అలికేసేవాడు.

ఒక ఏడు చివరి గురి దగ్గర ఒక కోయ విలుకాడికి రెండు వస్తే చాలు, బహుమతి ఎడ్లజత అతనిదే. ఉన్న ఎద్దు చచ్చి అతని చేను బీడుపడింది. బాణం మధ్య వలయపు గీత మీదే దిగింది. నేను చూశాను. పెద్దమనిషి పీకాడు, అలికాడు.

"బయటేనండి. ఒకటి."

"గీత మీదే ఉంది బాబయ్యా! గుర్తు చెరిపేశారు!" అన్నాడు విలుకాడు.

"అంత తొందరేంటండీ?" అని నేను నిలదీశాను.

"బాణం ఎక్కువసేపుంటే వనదేవతకి నొప్పండి. మీ ఇంగ్లీషు చదువులో ఇవి ఉండవు లెండి."

జమీందారుగారి మేనల్లుడి బాణం మాత్రం అందరూ చూసిపోయేదాకా అక్కడే ఉంది. దేవత కిమ్మనలేదు. ఎడ్లు ఆ మేనల్లుడి కొట్టానికే వెళ్లాయి.

నేను మరువలేదు, క్షమించలేదు. ఈ దసరాకీ పందెం ఉంది, ఆ పెద్దమనిషే లెక్క చెబుతాడట. మీరు వెళ్లండి. గురి పక్కనే నిలబడండి. అందరూ చూసి ఒప్పుకోకముందే ఆ చెయ్యి బాణం మీద పడితే, పదిమందిలో పట్టుకోండి.