పదకొండేళ్ల దేవత

విరుదునగరం పత్తి మిల్లులో ఒక పొద్దున మూట ఎత్తబోతే నడుము పట్టేసింది. వెంటనే జ్వరం. మూటే నన్ను ఎత్తి పడేసిందని తోటివాళ్లను నవ్వించి, రైలెక్కి కోవిల్‌పట్టి పక్కనున్న మా ఊరు చేరాను. మూడో రోజు ముఖం నిండా పొక్కులు. నాయన బండి కట్టి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు.

డాక్టరు గడపలోనే ఆపేశాడు. "స్మాల్‌పాక్స్. దీనికి ట్రీట్‌మెంట్ లేదు, ఐసొలేషనే. ఇంట్లో వాక్సినేషన్ కానివాళ్లున్నారా?"

పెద్దవాళ్లందరికీ ఆ జబ్బు ఎప్పుడో వచ్చిపోయింది. మిగిలింది చెల్లెలు నాగు.

"ఈరోజే తీసుకురండి. రేపు అనొద్దు."

ఇంటికొచ్చి చెబితే అవ్వ అడ్డం నిలబడింది. మశూచి అంటే ఆమెకు జబ్బు కాదు, ఒంట్లోకి వచ్చిన అమ్మవారు. "ఆయమ్మ ఇంట్లో ఉండంగా బిడ్డకి సూది పొడిపిస్తారా? కోపం రాదా?"

నాయన ఎద్దులను విప్పకుండా నావైపు చూశాడు. చదువుకున్నవాణ్ణి నేనే. "ఆయమ్మ దగ్గర చీటీ రాయించుకుని పొడిపిద్దాములే అవ్వా" అన్నాను. అందరూ నవ్వారు, నాగు కూడా. నాయన ఎద్దులను విప్పేశాడు.

తర్వాత నా కళ్లు వాచి మూసుకుపోయాయి. దాహమంటే "ఆయమ్మ అడగతా ఉండాది, నీళ్లు తెండి" అనేది అవ్వ. పుట్టి ఇరవై ఏళ్లయినా అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు. నాగు వేపమండతో విసిరేది.

"అన్నా, నీలో ఉండే ఆయమ్మకి నేను తెలుసునా?"

"తెలుసు. నీకు లెక్కలు రావనీ తెలుసు."

నా పొక్కులు ఎండే వేళకు పక్క చాప మీద దాని మూలుగు వినిపించింది. చెయ్యి చాపితే అందింది. కాలిపోతోంది.

"అన్నా, నేను సచ్చిపోతానా?"

నవ్వించే మాట కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఆరో రోజు ఆ చెయ్యి చల్లబడింది.

మావాళ్లలో పెళ్లికాకుండా చనిపోయిన ఆడపిల్లను ఇంటి దేవతగా నిలుపుతారు. దాని పావడా, గాజులు కొత్త పెట్టెలో పెట్టి దీపం వెలిగించారు. "అది సావలేదురా. మనమంతా పోతాము, అది పోదు. ఎప్పటికీ పదకొండేళ్లే" అంది అవ్వ.

మూడేళ్లయింది. మిల్లుకు పోతున్నాను. ఎడమ కంటి చూపు తిరిగి రాలేదు. "చెల్లిని అడుగు, ఇస్తాది" అంటుంది అమ్మ. బతికుండగా బలపం అడిగితే ఇవ్వని పిల్ల. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ పెట్టె ముందు నిలబడితే, అవ్వ మాట నిజమైతే బాగుండునని ఉంటుంది. దండం పెడతాను. పెట్టె పెట్టెలాగే ఉంటుంది.

మీ ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వస్తే, మిగతావాళ్లకు ఆరోజే వాక్సినేషన్ చేయించండి. పెద్దలు అడ్డం వస్తే పోట్లాడండి, ఏడవండి, కాళ్లు పట్టుకోండి. నవ్వించకండి.