ఆగిపోయిన అంకె

చిన్న మంగళారంలో రేణుకకు ఇంటి వెనకే చామంతి తోట ఉంది. కోసిన పూలను భర్త జైపాల్ బండి మీద శంకర్‌పల్లికి తీసుకుపోతే, మొయినాబాద్ వైపు విల్లాలకు పూజపూలు ఆమే ఇచ్చి వస్తుంది. సాళ్లలో పాము కనబడితే కర్రతో పక్కకు తోసి కోత సాగించే మనిషి. అలాంటి రేణుక భయపడటం మొదలుపెట్టింది కూతురు సింధుజకు షుగర్ బయటపడ్డాకే.

అది పెద్దవాళ్లకు వచ్చే షుగర్ కాదు. పిల్లకు రోజూ ఇన్సులిన్ సూది వేయాలి. సూదికి తగ్గ తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఒకసారి నిద్రలోనే ఫిట్స్ వచ్చాయి. పిల్లను ఒళ్లో వేసుకుని చేవెళ్ల దవాఖానకు పోయిన ఆ దారి ఇప్పటికీ రేణుకకు కలలోకి వస్తుంది. ఆ తర్వాతే డాక్టరు సింధుజ చేతికి బిళ్లంత సెన్సర్ అంటించాడు. చక్కెర ఎంతుందో చెప్పే అంకెను అది బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపుతుంది. చక్కెర తగ్గితే ఫోను మోగుతుంది.

కానీ ఇంట్లో ఉన్నది పాత ఫోను. సెన్సర్ యాప్ అందులోకి ఎక్కలేదు. రేణుక దగ్గర పూలు తీసుకునే రాజ్యలక్ష్మిగారి కూతురు శ్రీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమే ఆ ఫోనులోంచి కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, బయటివాళ్లు తయారుచేసి ఊరికే పంచిపెట్టే మరోదాన్ని ఎక్కించింది. యాప్ పనిచేసింది. చాలాకాలానికి రేణుక కంటినిండా నిద్రపోయింది.

మొన్న చలికాలంలో ఒకరోజు పిల్లకు జ్వరం వచ్చి బడికి పోలేదు. పొద్దున ఫోను కొత్త వెర్షన్ ఎక్కించమంటావా అని అడిగితే రేణుక సరేనని నొక్కింది. ఫోను ఆరిపోయి మళ్లీ వెలిగింది. యాప్‌లో 118 అని ఉంది. మంచి అంకే. పిల్లకు సూది వేసి, ఉప్మా పెట్టి, ఫోను మంచం పక్కన ఉంచి తోటలోకి పోయింది. సింధుజ సగం తిని పళ్లెం పక్కకు పెట్టేసింది.

రేణుక ఒకసారి వచ్చి చూసింది. 118. ఇంకాసేపటికి మళ్లీ వచ్చింది. 118. హమ్మయ్య అనుకుంటూ గడప దాటబోయి ఆగిపోయింది. జ్వరం పిల్లకు, అందులోనూ సగం తిన్న పిల్లకు, అంకె ఒక్కటి కూడా కదలకపోవడమేమిటి?

వెనక్కి వచ్చి పిల్ల నుదురు ముట్టుకుంది. చెమటతో తడిసి, చల్లగా ఉంది. పేరు పెట్టి పిలిస్తే సింధుజ కళ్లు తెరిచింది గానీ తల్లిని గుర్తుపట్టినట్టు లేదు. వేలికి గుచ్చే సూది రెండుసార్లు జారింది. రక్తం చుక్కతో చక్కెర కొలిచే మీటరు 46 చూపించింది. డెబ్బైకి తగ్గితేనే ప్రమాదం.

గ్లూకోజ్ కలిపి, పిల్లను లేపి కూర్చోబెట్టి, గుటకగుటకగా తాగించింది. మింగుతోందా లేదా అని గొంతు వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి సింధుజ నీరసంగా అడిగింది.

"అమ్మా, ఎందుకేడుస్తున్నవ్?"

మళ్లీ వేలికి గుచ్చితే 84. అప్పుడుగానీ శ్రీయకు ఫోను చేయాలని తోచలేదు.

శ్రీయ ముందు పిల్ల సంగతి అడిగింది. తర్వాత బ్లూటూత్ ఆపి మళ్లీ వేయమంది.

"ఏస్తే ఉంటలేదు శ్రీయమ్మా. నొక్కంగనే దానంతటదే ఆఫ్ అయితున్నది."

ఫోను ఆపి, వెలిగాక మళ్లీ తనకు చేయమంది. బ్లూటూత్ దాచుకున్న పాత సమాచారమంతా చెరిపించింది. ఏదీ పనిచేయలేదు. పొద్దున కొత్త వెర్షన్ ఎక్కించానని రేణుక అప్పుడు చెప్పింది.

"నేనొచ్చేదాకా ఇంకేం నొక్కకండి అక్కా. మీటరుతోనే చూస్తూ ఉండండి."

శ్రీయ లాప్‌టాప్ తీసుకుని కారులో వచ్చింది. ఆ కొత్త వెర్షన్‌కూ, ఫోనులోని బ్లూటూత్‌ను నడిపే పాత భాగానికీ పొత్తు కుదరలేదంది, సెన్సర్ పంపేది అందక యాప్ చివరి అంకె దగ్గరే ఆగిపోయిందంది. పాత వెర్షన్ ఇంకా ఫోనులోనే ఒక పక్కన ఉంటుంది, మళ్లీ దానితోనే ఫోను నడిపి చూస్తానంది. అయితే యాప్‌లో ఉన్నదంతా పోవచ్చు, అది పోతే ఈ సెన్సర్ మళ్లీ కలవకపోవచ్చు. రేణుక పిల్లను ఒళ్లోకి లాక్కుని, కానియ్యమన్నట్టు తలూపింది.

ఫోను నల్లబడింది. చాలాసేపు అలాగే ఉంది. వెలిగాక శ్రీయ బ్లూటూత్ నొక్కింది. ఈసారి ఆరిపోలేదు. యాప్ కాసేపు వెతికి 131 చూపించింది.

రేణుక ఊపిరి పీల్చుకునేలోపే తెర మీద గీత కదిలింది. తెగిపోయి ఉన్న గంటల అంకెలన్నిటినీ సెన్సర్ తనలో దాచుకుంది. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా పంపుతోంది. గీత దిగింది. హద్దు చూపే ఎర్రగీత దాటి ఇంకా దిగింది. అడుగున 41. తాను రెండోసారి వచ్చి 118 చూసి హమ్మయ్య అనుకున్న సమయం సరిగ్గా అదే. రేణుక ఆ చోట వేలు పెట్టి తీయలేకపోయింది.

"ఇట్లాంటి పనికి ఈ ఫోను పెట్టి ఉండకూడదు. నాదే తప్పు," అంది శ్రీయ.

"అప్పుడు ఇది కూడా లేకపోయె గద," అంది రేణుక.

ఆ వారంలోనే శ్రీయ తన పాత ఫోను తెచ్చిచ్చింది. అందులో కంపెనీ సాఫ్ట్‌వేరే ఉంది. డాక్టరు చూసి బాగుందన్నాడు, సెన్సర్ మార్చినప్పుడు కొత్తదాన్ని దానికే కలిపారు. అది ఇంతవరకూ ఒక్కసారీ ఆగలేదు. అయినా అంకె కాసేపు కదలకుండా ఉంటే చాలు, రేణుక గంప దించేసి ఇంట్లోకి పరిగెత్తుతుంది. వేలు చాపమంటే సింధుజ విసుక్కుంటుంది. విసుక్కుంటోందంటే తెలివిలోనే ఉంది కదా, అని తల్లి గుండె కాస్త నెమ్మదిస్తుంది. అయినా సూది గుచ్చి చూసిగానీ తోటలోకి పోదు.